భట్టిప్రోలు భరిణెలలోని పేర్లు



తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గము మీద, కృష్ణానదికి కుడివైపున, వరిపొలముల నడుమ భట్టిప్రోలు అను చిన్నపట్టణము కలదు. ఒకప్పుడది కృష్ణాజిల్లాలోనిది, తరువాత గుంటూరుజిల్లాలోనిది, 2022 నుండి బాపట్లజిల్లాలోనిది. జిల్లాల పేర్లు మారిన కొలది చిరునామా మారినదే కాని, ఊరు తన కాలువలతోను పొలములతోను ఉన్నచోటనే యున్నది. క్రొత్తగా వచ్చినవారు దానిని చూచి, డెల్టాలోని అనేక గ్రామములలో నిదియు నొకటి యనుకొని సాగిపోవుదురు. అట్లు సాగిపోదగిన ఊరు కాదని నివేదించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశ్యము. ఏలయన, క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దపు చివరనో రెండవ శతాబ్దమునందో, ఈ ప్రాంతమున కాపురముండిన గృహస్థులు, వర్తకులు, స్త్రీలు తమ పేర్లను రాతి భరిణెలమీద చెక్కించి, ఒక మహాస్తూపముయొక్క గర్భమున భద్రపరచి పోయిరి. అందు రాజు పేరును కలదు. కాని యది ఊరివారి పేర్ల సరసన చేరినది.

శాతవాహనులు, ఇక్ష్వాకులు, శాలంకాయనులు, విష్ణుకుండినులు, చాళుక్యులు అని రాజవంశముల వరుసను అప్పగించుట మనకు బడిలోనే అలవడినది. ఆ వరుస అక్కరలేదని నేననను. కాలనిర్ణయమునకు అదియే ఆధారము. కాని, ఆ వరుసను కంఠస్థము చేసిన విద్యార్థియే తన ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరో, తన ఊరి గుడిముందరి స్తంభముమీది అక్షరములు ఏమి చెప్పుచున్నవో, తాను దినమును నడచు పుంతదారి ఏ కాలపుదో ఎరుగకుండ పెద్దవాడగుట నాకు విచారమును గలిగించుచుండును. ఒక ఊరి కథను ఆ ఊరినుండియే మొదలుపెట్టి చెప్పుకొనుట సాధ్యమా యను ప్రశ్నకు భట్టిప్రోలు చక్కని సమాధానమిచ్చుచున్నది. ఆ కథలో గర్వింపదగిన దెంత కలదో, దుఃఖింపదగినదియు నంత కలదు.

ఊరిలో పూర్వమునుండియు పెద్ద మట్టిదిబ్బ లుండెడివి. వానిలో నొకదానికి విక్రమార్కకోట దిబ్బ యని పేరు. మరియొక పెనుదిబ్బకు వేశ్యాస్త్రీల ప్రసక్తి గల నిందాగర్భితమైన పేరు పడినది. ఇట్టి పేర్లు ఆంధ్రదేశమున పలుచోట్ల బౌద్ధశిథిలములకు తగిలినవి. బౌద్ధము ఈ నేలనుండి తొలగిపోయిన పిమ్మట, ఆ ఇటుకల కుప్ప యెవరు కట్టినదో చెప్పువారు లేక, ప్రజలు తమకు తోచిన కథను దానికి తగిలించిరి. విక్రమార్కుని సింహాసనము క్రింద నున్నదని నమ్మినవాడు దిబ్బను పూజ్యభావముతోనైనను, భయముతోనైనను ముట్టకుండ విడిచిపెట్టును. కనుక పుక్కిటిపురాణములని మనము త్రోసివేయు కథలు శతాబ్దములతరబడి ఆ కట్టడములకు కాపలా కాచినవని నేను తలంచుచున్నాను. కాపలా తప్పినది చదువుకొన్నవారి కాలమునందే.

1870లో బాస్వెల్ దొర ఈ పెనుదిబ్బను గుర్తించి ప్రభుత్వమునకు తెలియజేసెను. మరుసటి సంవత్సరము నారిస్ దొర పరిశీలించెను. సర్ వాల్టర్ ఎలియట్, రాబర్టు సూయలు వంటి పురావస్తుప్రియులు దానినిగూర్చి వ్రాసిరి. తుదకు 1892లో మదరాసు పురావస్తుశాఖాధికారియగు అలెగ్జాండరు రీ దొర శాస్త్రీయముగా త్రవ్వించి, 1894లో తన దక్షిణభారత బౌద్ధావశేషముల గ్రంథమున వివరములను ప్రకటించెను. ఆయన కొలతల ప్రకారము స్తూపముయొక్క అండభాగపు వ్యాసము 132 అడుగులు. దానిచుట్టును 8 అడుగుల వెడల్పుగల వేదిక. అనగా అడుగుభాగమున మొత్తము 148 అడుగులు. జగద్విఖ్యాతమైన సాంచి మహాస్తూపముకంటెను ఇది విశాలమైనది. దాదాపు మూరెడు పొడవుగల ఇటుకలతో, నడిబొడ్డున తప్ప లోపల డొల్లలేకుండ, గట్టిగా పేర్చిన కట్టడమది. పైభాగమున చలువరాతి పలకలుండెడివి.

ఆ పలకలేమైనవి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు కృష్ణానదికి ఆనకట్ట కట్టిన కాలమునకు పోవలెను. 1832-33 నాటి నందనకరువునందు గుంటూరుసీమలో జనులు వీధులలోను దారులలోను మలమల మాడి చనిపోయిన సంగతి మీరు వినియే యుందురు. ఆ ఘోరమును చూచినపిమ్మట, నదిలో నీరు సముద్రము పాలగుచుండగా గట్టున నున్న ప్రజలు ఆకటికి చచ్చుట మహాపాతకమని తోచి, 1852లో బెజవాడవద్ద పని ఆరంభించి 1855లో ఆనకట్టను పూర్తిచేసిరి. కాలువలు సాగినవి, మెట్టపైరుల నేల మాగాణియైనది, కోట్లకొలది బస్తాల ధాన్యము పండినది. ఆ పనిచేసిన ఇంజనీర్లకు ఈ సీమ చిరకాలము ఋణపడియుండును. కాని కాలువకు తూములు కావలెను, తూములకు రాయి కావలెను, డెల్టాలో రాయి లేదు. సమీపమున నున్న దిబ్బలో రాయియు ఇటుకయు రాసులుగా నున్నవి. భట్టిప్రోలు స్తూపముయొక్క చలువరాళ్లు ప్రక్కనున్న వెల్లటూరు కాలువ తూమునకు పోయినవి; ఇటుకలు బాటలక్రింద కంకరగా పోయినవి. ఆ తూముగుండ పారిన నీటితో పండిన అన్నమునే తరతరములుగా ఈ ప్రాంతమువారు తినిరి. అందువలన ఎవరిని నిందింపవలెనో నాకు తోచుటలేదు. అయినను, అదే రాతిని మరి నాలుగు క్రోసుల దూరమునుండి తెప్పించినను తూము నిలిచెడిదేగదా, ఆ పలకలమీది శిల్పము మనకు దక్కెడిదేగదా యను బాధ నన్ను విడువదు.

ఇక రీ దొర త్రవ్వకములో దొరికినదానిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. స్తూపముయొక్క నడిబొడ్డున పైనుండి క్రిందివరకు సన్నని గొయ్యి యొకటి వదలియుంచిరి. ఆ గోతిలో వేర్వేరు లోతులయందు మూడు నల్లరాతి మంజూషలు బయల్పడినవి. ఒక్కొక్కటి రెండు రాళ్లతో చేసినది: క్రిందిరాతిని తొలిచి గుంటచేసి, పైరాతిని మూతగా అమర్చిరి. గుంటలో స్ఫటికపు భరిణె. దానిలోపలను చుట్టును సన్నని బంగారు పువ్వులు, ముత్యములు, పగడములు, పూసలు, రత్నపు తునుకలు. వానినడుమ వ్రేలిగోటికంటె పెద్దది కాని అస్థిశకలము. అది శాక్యముని శరీరధాతువని ఆ కాలపువారు విశ్వసించిరి. శాసనమును అట్లే చెప్పుచున్నది. ఆ బంగారుపువ్వుల రేకులను మలచిన కంసాలి చేతిపనిని చూచినచో, నాటి తీరాంధ్రమున లోహశిల్పము ఎంత నాజూకు తేరియుండెనో ఊహింపవచ్చును. రత్నపరీక్షకులు, స్ఫటికమును కోయువారు, రాతిని తొలుచువారు, వ్రాయసకాండ్రు – వీరందరు లేనిదే అట్టి భరిణె యొకటి తయారుకాదు. అనగా, ఆనాటికే ఇచ్చట సంపన్నమైన పట్టణజీవితము వర్ధిల్లినది.

కాని నాకు బంగారముకంటెను విలువైనవిగా తోచినవి ఆ మంజూషలమీద చెక్కిన చిన్నచిన్న వాక్యములు. వానిని జర్మను పండితుడగు బ్యూలరు చదివి 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున ప్రకటించెను. భాష ప్రాకృతము. మొదటి మంజూషమీది వాక్యమునుబట్టి, బుద్ధశరీరధాతువులను ఉంచుటకై రాతిమంజూషను స్ఫటికపు పెట్టెను చేయించినవారు నలుగురు: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. కొడుకు పేరు చెప్పి, వానితో సంబంధముచేతనే తలిదండ్రులను పేర్కొన్న తీరును గమనింపుడు. నేటికిని మన పల్లెలలో ‘ఫలానావాని నాన్న, ఫలానావాని అమ్మ’ యని పిలుచుకొను వాడుక కలదుగదా! మరియొక వాక్యమున, బానవుని కుమారుడైన కురుడు తండ్రితో కలిసి ఇచ్చిన మంజూష యని యున్నది. అతనికేమి బిరుదములు లేవు, దిగ్విజయములు లేవు. తండ్రి, తల్లి, కొడుకు కలిసి చేసిన ధర్మకార్యమది, అంతే.

ఇతర వాక్యములలో గోష్ఠిలోని సభ్యుల జాబితా కలదు. నిగమములోని వారి జాబితా కలదు. గోష్ఠి యనగా ఏదేని ధర్మకార్యమునకై కూడిన సంఘము. నిగమ మనగా వర్తకప్రముఖులు గల పట్టణసభ. తిస్సుడు, రేతుడు, జేతుడు, కేసుడు, ఉత్తరుడు – ఇట్లు పేరు వెంట పేరుగా సాగిపోవుచుండును. ఏ మహాగ్రంథమునందును కానరాని ఈ సామాన్యులు, తాము బ్రదికియుంటిమనియు, తమ ఊరిలో ఒక పెద్దపనికి తామందరు చేయికలిపితిమనియు ఇరువదిరెండు శతాబ్దములు దాటి మనకు తెలుపుచున్నారు. మరియొక వాక్యమున నందపురమునుండి వచ్చిన స్త్రీల దానము పేర్కొనబడినది. ఆ నందపుర మెచ్చటిదైనను, వేరొక ఊరి స్త్రీలు తమ దానమును తమదిగా నమోదు చేయించుకొనిరని దీనివలన స్పష్టమగుచున్నది. దానముచేయగల ధనమును, దానిని చెప్పుకొనగల గౌరవమును వారికుండెను.

ఇక రాజు. ఆయన పేరు కుబీరకుడు. ఆంధ్రదేశముయొక్క తొలినాటి రాజులలో పేరు తెలిసిన కొలదిమందిలో ఆయన యొకడు. ఆయననుగూర్చి మనమెరిగినది దాదాపుగా ఈ భరిణెలమీదిదే. ఆయనను శాసనము పరిచయము చేసిన విధము చూడదగినది: కుబీరకరాజు సింహగోష్ఠికి ప్రముఖుడు. ఆ గోష్ఠివారును, నిగమపుత్రులును చేయించిన మంజూష యిది. రాజు తానొక్కడే స్తూపమును నిర్మించి కీర్తిని మూటగట్టుకొనలేదు. ఊరివారి సంఘమునకు అధ్యక్షుడుగా నిలిచి, పదుగురితోపాటు తానును పాల్గొనెను. తరువాతి శతాబ్దముల ప్రశస్తులలో రాజుల బిరుదావళులు పుటలు నిండుటను చూచిన కన్నులకు, ఈ నిరాడంబరత యెంతయో హాయి గొల్పును.

లిపినిగూర్చి రెండుమాటలు. అశోకుని శాసనములయందు ‘క’ అని వ్రాసిన గుర్తులోనే అకారము ఇమిడియుండును. భట్టిప్రోలు వ్రాయసకాడు అట్లు చేయలేదు. హల్లునకు అకారము కావలెనన్న ప్రక్కకు ఒక అడ్డుగీత నిచ్చెను. దీర్ఘము కావలెనన్న ఆ గీతను క్రిందికి వంచెను. ‘మ’ను తలక్రిందులుగా వ్రాసెను. మరికొన్ని అక్షరములకు తనవే యైన రూపము లేర్పరచెను. బడిలో మన పిల్లలు ‘కకు తలకట్టిచ్చిన క’ యని గుణింతము వల్లించుట తలంపునకు వచ్చి, తెలుగులిపికి ఇదియే జనని యని కొందరు ఉత్సాహముతో చెప్పుదురు. పండితులందరు దాని నంగీకరింపరు; మన లిపి దక్షిణబ్రాహ్మినుండి శాతవాహన, శాలంకాయన, వేంగీ కాలముల శాసనములగుండ క్రమముగా నేటి రూపమునకు వచ్చినదని చెప్పుటయే నిలుకడగల మాట. భట్టిప్రోలు గౌరవమునకు ఆ జననీత్వము అక్కరలేదు. ధ్వనికిని అక్షరమునకును గల సంబంధమును తానై ఆలోచించి, ప్రచారములో నున్న పద్ధతిని మార్చి వ్రాయగల అక్షరవేత్త యొకడు ఈ కృష్ణాతీరమున ఉండెననుట చాలును.

ఆ మంజూషలిప్పుడు ఊరిలో లేవు. చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నవి. ధాతువును ప్రభుత్వము మహాబోధిసభ కీయగా, 1920లో కలకత్తాలోని ధర్మరాజికవిహారమున ప్రతిష్ఠించిరి. ఊరిలో మిగిలినది ఇటుకల దిమ్మ మాత్రమే. దానిని చూచి నిరాశపడి తిరిగిపోయినవారిని నేనెరుగుదును. వారితో నేను చెప్పునది ఇంతే: దిమ్మచుట్టును ఒక ప్రదక్షిణము చేసి, అడుగడుగునకు దాని వలయమును కంటితో కొలువుడు; అప్పుడు దాని మహత్త్వము తెలియును.

స్తూపముతో భట్టిప్రోలు చరిత్ర ముగియలేదు. ఏ ఊరి చరిత్రయు ఒక్క శిథిలముతో ముగియదు. నడుమనున్న ఇరువది శతాబ్దముల మాటయేమి? అందులకును సాధనములు కలవు. అవి ప్రతి ఊరికిని ఉన్నవే. కర్నలు మెకంజీ కొలువున ఏలూరివాడైన కావలి బొర్రయ్య యను యువకుడు ఊరూర తిరిగి శాసనములను, కవిలెలను, వృద్ధుల మాటలను సేకరించు పనికి దారితీసెను. 1803లో చిన్నవయస్సుననే ఆయన మరణింపగా, మెకంజీ చెన్నపట్టణపు సముద్రతీరమున స్మారకచిహ్నమును నిలిపెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. ఆ విధముగా కరణములచేత వ్రాయించిన గ్రామకైఫియ్యతులు, పురుగులపాలగుచున్న దశలో, సి.పి. బ్రౌను పూనికచే నకళ్లు వ్రాయబడి నేటికిని నిలిచియున్నవి. గుడి యెవరు కట్టించిరి, ఏ దొర కాలమున ఏ మాన్యము లిచ్చిరి, ఏ కరువునకు ఊరు పాడుపడి మరల ఎప్పుడు నిలిచినది – ఇవియన్నియు వానిలో ఊరివారి మాటలలోనే యుండును.

1858లో ఏర్పడిన ఇనాముకమిషను రిజిస్టరులు మరియొక గని. ఊరిలో ఎవరికెంత మాన్యము, ఎందులకు, ఎన్నితరములనుండి – పూజారికి, కుమ్మరికి, చాకలికి, వెట్టివానికి, చలివేంద్రమునకు – అన్నియు వానిలో కనబడును. 1984లో కరణీకములు రద్దయినప్పుడు కరణముల యిండ్లలోని పాతకవిలెలు కొన్ని ప్రభుత్వమునకు చేరినవి. కొన్ని అటకలమీదనే మిగిలి చెదలకు ఆహారమైనవి. ఇప్పటికిని వెదకినచో కొన్ని దొరకును. నిజాంరాష్ట్రమున లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ఏ రాజాశ్రయమును లేకయే పల్లెపల్లెకు పోయి శాసనముల అచ్చులు తీసి, 1935లో తెలంగాణాశాసనముల తొలిసంపుటమును వెలువరించిరి. వారిలో పలువురు ఉపాధ్యాయులు, గ్రంథాలయ కార్యకర్తలు. జీతముకొరకు చేసిన పని కాదది.

శాసనపు అచ్చు తీయుట నేర్వరాని విద్యయు కాదు. రాతిని నీటితో కడిగి, గట్టి కుంచెతో మట్టి వదలించి, తడిపిన కాగితమును ముడుతలు లేకుండ పరచి, అది అక్షరపు గాళ్లలోనికి దిగునట్లు కుంచెతో మెల్లగా కొట్టి, పైన గుడ్డఉండతో సిరా నద్దినచో, రాతితలము నల్లగను అక్షరములు తెల్లగను తేలును. తెలిసినవారు ప్రక్కనుండి చూపగా ఉన్నతపాఠశాల విద్యార్థులు ఒక్క ఉదయమున దీనిని నేర్తురు. తమ ఊరి రాతినుండి అక్షరములు తెల్లగా లేచివచ్చుట చూచిన పిల్లవాడు చరిత్రపుస్తకమును అటుపిమ్మట వేరొక దృష్టితో చదువును. ఇది నేను అనేక పర్యాయములు కన్నులార చూచిన సంగతి.

శ్రోతలారా! భట్టిప్రోలు చలువరాళ్లు మరల రావు. కాని అట్టి నష్టము నేటికిని మన ఊళ్లలో చిన్నచిన్నగా జరుగుచునే యున్నది. జీర్ణోద్ధరణ పేరిట పాతగుడి స్తంభములు పెరటిలోనికి విసరివేయబడుచున్నవి. శాసనములున్న రాళ్లమీద పండుగకు పండుగకు సున్నమును రంగును పూయుచున్నారు. పొలము చదునుచేయు యంత్రములు దిబ్బలను ఒక్క పూటలో మాయముచేయుచున్నవి. మీ ఊరి ఆలయమునకు మరమ్మతు తలపెట్టినప్పుడు, పని మొదలుకాకమునుపే, అక్షరములున్న ప్రతి రాతికిని ఛాయాచిత్రము తీయించి పురావస్తుశాఖకు పంపుడు. బావి త్రవ్వునప్పుడు పెద్ద ఇటుకలుకాని, చెక్కడపు రాయికాని, నాణెములుకాని బయటపడినచో పని నిలిపి తహసీలుదారునకు తెలుపుడు; భూమిలో దొరికిన పదిరూపాయల విలువకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి చట్టమే చెప్పుచున్నది. ఊరిలో ఎనుబదియేండ్లు దాటిన పెద్దలున్నచో, వారి మాటలను ఈ సంవత్సరముననే వ్రాసికొనుడు. ఉపాధ్యాయులారా, గ్రంథాలయములవారలారా, మీ గ్రామముయొక్క కైఫియ్యతు నకలును తెప్పించి, అది ఆగినచోటునుండి నేటివరకు మీరే వ్రాసి ముగింపుడు. అందు కురుని తల్లివంటి వారి పేర్లను వదలకుడు.